మిద్దె ఎక్కని నీళ్ళు

'నీరు పల్లమెరుగు' అన్నారు మన పెద్దలు. ముప్ఫై యేళ్ళకు పైగా తరగతి గదిలో ఈ సామెతను వివరించి చెప్పినవాణ్ణి. అయితే ఈ సామెత పుట్టిన కాలంలో మిద్దెలమీద నల్లని ప్లాస్టిక్ ట్యాంకులు లేవు. మా మార్కాపురంలో నీరు మొదట పల్లానికి దిగి సంపులో చేరుతుంది. ఆ తరువాత అది మిద్దె ఎక్కాలి. మొదటిది దాని స్వభావం, రెండవది స్వభావ విరుద్ధం. ఆ విరుద్ధమైన పనిని ప్రతి ఉదయమూ పదిహేను నిమిషాలలో చేసిపెట్టేది పెరట్లోని అర హార్స్‌పవరు మోటారు. అది ఆరునెలలు ఖాళీగా పడుకొని లేచిన తరువాత ఎన్ని విధాల మొరాయిస్తుందో, దాన్ని ఏ క్రమంలో దారికి తెచ్చుకోవాలో చెప్పడానికే ఈ టపా. సంధులూ సమాసాలూ వ్రాసుకొనే పంతులికి మోటార్ల గొడవ ఎందుకని మిత్రులు నవ్వుకోవచ్చు. చివరిదాకా చదివితే ఇందులోనూ కొంత వ్యాకరణం కనిపిస్తుందని మనవి.

మా ప్రాంతం ఎరుగనివారికోసం రెండు మాటలు. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు కర్నూలు జిల్లానుండి మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలను తెచ్చి అందులో కలిపారు. 1972లో ఆ జిల్లాకు ప్రకాశం పంతులుగారి పేరు పెట్టారు. అప్పటినుండి మేము 'పశ్చిమ ప్రకాశం' అయ్యాము. కోస్తావారు మమ్మల్ని సీమవారంటారు, సీమవారు కోస్తావారంటారు. రెండు వైపులా చుట్టరికమే గాని నీళ్ళు మాత్రం ఏ వైపునుండీ రాలేదు. నల్లమలలో పుట్టిన గుండ్లకమ్మ మా సీమగుండానే పారుతుంది. ఏడాదిలో చాలా నెలలు మాకు దాని ఇసుకే కనిపిస్తుంది. ఆ నదికే కొండల నడుమ అడ్డుకట్ట వేసి విజయనగర రాజుల కాలంలో కంభం చెరువు కట్టారు. వరదరాజమ్మ అనే రాణి కట్టించిందని ప్రతీతి. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంఘం దానిని ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడంగా గుర్తించింది. ఇక మా ప్రాంతపు కమ్యూనిస్టు నాయకుడు పూల సుబ్బయ్య పేరు పెట్టుకొన్న వెలిగొండ ప్రాజెక్టు సంగతి. శ్రీశైలం జలాశయంనుండి కొండను తొలిచి కృష్ణ నీళ్ళు తెచ్చే పథకమది. 1996లో దానికి తొలి శంకుస్థాపన జరిగింది. 2024 మార్చిలో జంట సొరంగాలను జాతికి అంకితం చేశారు. శంకుస్థాపననాడు బడిలో చేరిన పిల్లవాడు అంకితంనాటికి తన పిల్లలను బడిలో వేసే వయసువాడయ్యాడు.

నీళ్ళు లేకపోవడం ఒక బాధ, ఉన్న నీళ్ళలో ఫ్లోరైడు ఉండడం మరొక బాధ. తాగేనీటిలో లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు మించరాదని ప్రమాణం. అంతకు మించిన నీళ్ళు ఏళ్ళ తరబడి తాగితే మొదట పళ్ళమీద గోధుమరంగు గారలు వస్తాయి, తరువాత ఎముకలు బిగుసుకొంటాయి. ఈ జబ్బు మనదేశంలో ఉన్నదని వైద్యులు 1937లో లోకానికి చెప్పింది అప్పటి నెల్లూరు జిల్లా పల్లెలను చూసే. మా ఆవిడ పొదిలి దగ్గరి పల్లెలో పుట్టి పెరిగింది. ఆమె మోకాళ్ళు పూర్తిగా వంగవు, వంగితే లేవడం కష్టం. చిన్ననాడు మూడు బిందెలు ఒకేసారి మోసిన మనిషి ఇప్పుడు చెంబు నీళ్ళు కూడా కుళాయి తిప్పి నిలబడి పట్టుకోవలసిందే. కనుక మా ఇంట మిద్దెమీది ట్యాంకు సౌఖ్యం కాదు, అవసరం.

పోయిన సంవత్సరం అక్టోబరులో మేమిద్దరమూ ఒహాయోలోని మా అమ్మాయి ఇంటికి వెళ్ళాము. ఆరు నెలలున్నాము. వారి వీధిలో ఒక పెద్దాయన వాకిట చక్రాలమీద ఇల్లు ఒకటి ఉన్నది. కారు వెనుక తగిలించుకొని ఊళ్ళు తిరగడానికి కట్టిన బండి. లోపల మంచం, పొయ్యి, తొట్టి, కుళాయి అన్నీ ఉన్నాయి. అక్టోబరు చివర ఆయన ఆ ఇంటిని చలికాలానికి మూసిపెట్టడం దగ్గర నిలబడి చూశాను. గొట్టాలలోని నీళ్ళన్నీ వదిలేశాడు. పంపుతో ఒక గులాబిరంగు ద్రవాన్ని అన్ని కుళాయిలకూ ఎక్కించాడు. నీరు గడ్డకట్టేటప్పుడు దాదాపు నూటికి తొమ్మిది పాళ్ళు వ్యాకోచిస్తుంది, ఆ పొంగుకు గొట్టమూ ఆగదు, పంపూ ఆగదు. ఆ గులాబి ద్రవం అంత తేలికగా గడ్డకట్టదు. ఏప్రిల్ మొదట్లో ఆయన మళ్ళీ తెరచినప్పుడు పంపు చక్కగా తిరిగింది గాని చుక్క నీరు రాలేదు. కాసేపు వెదికి, నవ్వుతూ ఒక చిన్న వాల్వును తిప్పాడు. అది చలికాలపు ద్రవాన్ని పీల్చే వైపునే ఉండిపోయింది. 'పంపు తిరగడం వేరు, నీరు రావడం వేరు' అన్న సూత్రం నాకు అక్కడ దొరికింది. వారం తిరగకముందే మా పెరట్లో అదే పనికివచ్చింది.

అక్కడ పంపుకు శత్రువు మంచు, ఇక్కడ ఉప్పు. ఏప్రిల్ నడిమిలో ఇంటికి చేరాము. సంపులో పక్కింటివారు మా కుళాయి వంతున పట్టి ఉంచిన నీళ్ళున్నాయి. స్విచ్చి వేశాను. మోటారు తిరగలేదు, గుయ్యిమని ఒక మూలుగు మాత్రం వినవచ్చింది. వెంటనే ఆపాను. ఊళ్ళో మోటార్లు చుట్టే దుకాణం నడుపుకొంటున్న నా పూర్వ విద్యార్థి ఒకడున్నాడు. ఫోను చేస్తే గిద్దలూరు దగ్గర ఏదో పొలంలో బోరులోంచి మోటారు పైకి తీయిస్తున్నాడు. వేసవి అంటే అతనికి కోతల కాలం. మూడు రోజులదాకా రాలేనన్నాడు గాని, ప్రశ్నలు అడగడం మానలేదు.

"సార్, గుయ్యిమంటుందా, అసలు చప్పుడే లేదా?"

"గుయ్యిమంటున్నది నాయనా."

"ఐతే కరెంటు అందుతాంది. మళ్ళీ స్విచ్చి వేయబాకండి సార్, వైండింగు కాలిపోద్ది. చేత్తో తిప్పి చూడండి ముందు."

ఈ ఒక్క ప్రశ్నలో ఎంత శాస్త్రమున్నదో తరువాత ఆలోచించుకొన్నాను. మన పండితులు 'అన్వయ వ్యతిరేకాలు' అంటారు. అది ఉంటే ఇది ఉండడం అన్వయం. అది లేకపోతే ఇది లేకపోవడం వ్యతిరేకం. చప్పుడే లేకపోతే దోషం తీగలోనో, ఫ్యూజులోనో, స్విచ్చిలోనో వెదకాలి. చప్పుడుండి తిరగకపోతే రెండే కారణాలు మిగులుతాయి: ఇరుసు పట్టేసి ఉండాలి, లేదా కండెన్సరు పోయి ఉండాలి. చేత్తో తిప్పితే సులువుగా తిరిగి, కరెంటిస్తే మాత్రం మూలిగితే కండెన్సరును అనుమానించాలి. చేత్తోనే తిరగకపోతే ముందు ఇరుసు సంగతి చూడాలి. వాక్యంలో కర్తను గుర్తించకుండా క్రియ జోలికి వెళ్ళరాదని పిల్లలకు చెప్పేవాణ్ణి, ఇదీ అటువంటిదే.

కండెన్సరు ఎందుకో కూడా చెప్పాలి. మన ఇళ్ళకు వచ్చేది సింగిల్ ఫేజు కరెంటు. అది మోటారు లోపల అయస్కాంత శక్తిని ఒకే గీత వెంబడి అటూ ఇటూ ఊపుతుంది. తిరగలి పిడిని పట్టుకొని తిన్నగా ముందుకూ వెనక్కూ మాత్రమే లాగితే రాయి ఎటు తిరగాలో తెలియక అక్కడే అదురుతుంది కదా! కొంచెం పక్కకు నెట్టే చేయి కావాలి. మోటారులోని రెండవ చుట్టకు కరెంటును కాలభేదంతో అందించి ఆ పక్కనెట్టు నెట్టేది కండెన్సరు. పక్కనెట్టు లేకపోయినా, ఇరుసు పట్టేసినా, కరెంటు మాత్రం మామూలుకు కొన్ని రెట్లు ప్రవహిస్తూనే ఉంటుంది. ఆ వేడికే రాగిచుట్ట కాలుతుంది. మూలుగు వినబడగానే ఆపమనేది అందుకే.

మెయిను ఆపి, టెస్టరుతో రెండుసార్లు చూసుకొని, మోటారు వెనుక ఫ్యాను మీది రేకు మూత విప్పాను. ఇరుసు కొసన స్క్రూడ్రైవరు పట్టేందుకు చిన్న గాడి ఉన్నది. తిప్పబోతే రాతిలో పాతినట్లున్నది. పంపు లోపల ఇంపెల్లరు అనే ఇత్తడి చక్రానికీ దాని గూటికీ మధ్య సందు చాలా తక్కువ. మా ఊరి నీళ్ళలో ఉప్పు ఎక్కువ. గూటిలో మిగిలిన కాసిన్ని నీళ్ళు ఆరునెలలకు ఆవిరైపోయి, ఉప్పూ తుప్పూ కలిసి ఆ సందులో సున్నంలాగా గట్టిపడ్డాయి. ఇక్కడ బలం పనికిరాదు. పైనున్న బిరడా తీసి గూటినిండా నీళ్ళు పోసి గంటన్నర వదిలేశాను. తరువాత గాడిలో స్క్రూడ్రైవరు పెట్టి ఇటు వెంట్రుకవాసి, అటు వెంట్రుకవాసి. మొండి పిల్లవాడిచేత ఒత్తులు పలికించినట్లు, తొందరపడకుండా. ఇరవై నిమిషాలకు 'కిర్రు' మన్నది. ఇంకొక పది నిమిషాలకు పూర్తి చుట్టు తిరిగింది. మూత బిగించి స్విచ్చి వేస్తే మోటారు హాయిగా తిరిగింది. అంటే కండెన్సరు నిర్దోషి.

కాని మిద్దెమీద ట్యాంకులో చుక్క పడలేదు. పంపు తిరగడం వేరు, నీరు రావడం వేరు!

ఆ రాత్రి పక్కింటి ఇల్లాలు గోడమీదుగా మా ఆవిడను పలకరించింది. "అక్కా, ఆ మోకాళ్ళతో నువ్వు సంపులో చేదుకోబాక. పిల్లోడితో రెండు బిందెలు పంపిస్తాలే." రెండు బిందెలే అనుకోకండి. ఏప్రిల్ నెలలో మా వీధిలో రెండు బిందెలంటే ట్యాంకరు కొన్న డబ్బు, కుళాయి దగ్గర నిలబడ్డ నిద్ర. మా తల్లుల కాలంలో ఉప్పూ పప్పూ చేబదులు తెచ్చుకొనేవారు. మా తరంలో నీళ్ళు చేబదులయ్యాయి. అదే రాత్రి అమ్మాయి ఫోను చేసింది. "ఈ వయసులో ఈ యాతన ఎందుకు నాన్నా? ఇల్లు అమ్మేసి వచ్చేయండి. ఇక్కడ కుళాయి తిప్పితే వేడినీళ్ళు, చన్నీళ్ళు రెండూ వస్తాయి" అన్నది. ఆమె మాటలో అబద్ధం లేదు. నేను ఊకొట్టాను. మా ఆవిడ ఫోను అందుకొని, "మీ నాన్న ఇంకా మోటారు పూర్తిగా విప్పలేదులే" అన్నది.

రెండవనాడు రెండవ అధ్యాయం. పంపు నీళ్ళను లాగుతుందని మనమంటాము. నిజానికి అది లాగదు. గూటిలో నిండిన నీటిని చక్రం బయటికి విసరివేసినప్పుడు మధ్యలో వెలితి ఏర్పడుతుంది. సంపులోని నీటిమీద బరువు మోపి ఉన్న వాయుమండలం ఆ నీటిని గొట్టంలోకి నెడుతుంది. గాలి బరువు నీటిని సుమారు 34 అడుగులకు మించి నిలబెట్టలేదని 1643 ప్రాంతంలో టారిచెల్లీ చేసిన ప్రయోగం మన పిల్లల పాఠ్యపుస్తకాలలోనే ఉన్నది. ఆచరణలో 25 అడుగులు దాటితే కష్టమే. అందుకే లోతైన బోర్లలో మోటారును పైన పెట్టరు, నీటిలోకే దించుతారు. మా సంపు లోతు ఏడడుగులే గనుక ఆ చింత లేదు. కాని చక్రం గాలిని విసరలేదు, నీటినే విసరగలదు. గొట్టమూ గూడూ ముందుగా నీటితో నిండి ఉండాలి. ఇంగ్లీషువారు దీనిని ప్రైమింగు అన్నారు. మా ఊరి రైతు ఒకడు 'నీళ్ళను పిలవాలంటే నీళ్ళనే పంపాలి' అన్నాడు. నిఘంటువులో ఇంతకంటె మంచి నిర్వచనం నాకు దొరకలేదు.

విద్యార్థికి మళ్ళీ ఫోను. "సార్, పైన బిరడా తీసి నీళ్ళు పోసి చూడండి. నీళ్ళు నిలబడతాయా, దిగిపోతాయా?" మళ్ళీ అదే పద్ధతి. పోసిన నీళ్ళు కిందికి దిగిపోతే గొట్టం అడుగునున్న ఫుట్ వాల్వు కారుతున్నట్లు. నీళ్ళు నిలబడి కూడా మోటారు అందుకోకపోతే, ఎక్కడో అతుకులో గాలి పీలుస్తున్నట్లు. పోశాను. చెంబు తరువాత చెంబు, అన్నీ దిగిపోయాయి. ఇంకొక హెచ్చరిక కూడా చేశాడు: నీళ్ళు లేకుండా మోటారును తిప్పుతూ ఉంటే లోపలి సీలు మాడిపోతుంది, నిమిషం కూడా పరీక్షించవద్దని.

ఫుట్ వాల్వు అంటే గొట్టం అడుగున ఉండే చిన్న బుడ్డి. దానికి చుట్టూ జల్లెడ, లోపల పైకి మాత్రమే తెరుచుకొనే రెక్క. నీరు ఎక్కేటప్పుడు రెక్క లేస్తుంది, మోటారు ఆగగానే మూసుకొని గొట్టంలో నీటిని నిలుపుతుంది. మా వైపు పనివాళ్ళ నోట అది 'ఫుట్‌బాలు' అయింది. మొదట్లో విని దిద్దబోయేవాణ్ణి. ఇప్పుడు నేనూ ఫుట్‌బాలనే అంటున్నాను. యూనియన్ విప్పి, పక్కింటి అబ్బాయి సాయంతో గొట్టాన్ని పైకి లాగాను. జల్లెడకు పాచి పట్టి ఉన్నది. రెక్క కింద అడ్డుపడి ఉన్నది ఒక రాతి పెళుసు: చిటికెన వేలి గోరంత, కాగితమంత పలుచన, నల్లగా నున్నగా. పలకరాయి! మార్కాపురం పలకల ఊరు. ఇక్కడి గనుల పలకలమీద ఎక్కడెక్కడి పిల్లలో ఓనమాలు దిద్దారు. మా సంపు మూత చుట్టూ పరచినవి కూడా ఆ గనుల ముక్కలే. వాటినుండి ఊడిన ఒక పెళుసు మిద్దెకు ఎక్కవలసిన నీటిని ఆపివేసింది.

పెళుసు తీసి, పాచి కడిగి, గొట్టాన్ని గట్టుమీదనే నిలబెట్టి నీళ్ళు నింపి గడియారం పెట్టి చూశాను. పది నిమిషాలైనా మట్టం తగ్గలేదు. తిరిగి సంపులోకి దింపే ముందు యూనియన్‌లోని రబ్బరు వాచరు చూస్తే ఎండి పగుళ్ళు బారి ఉన్నది. అదీ మార్చాను. మా చిన్నప్పుడు మరలకు జనపనార చుట్టి రంగు పూసేవారు, ఇప్పుడు తెల్లని టెఫ్లాన్ టేపు వచ్చింది. దానిని మర బిగిసే దిక్కునే చుట్టాలి. ఎదురు చుట్టితే బిగించేటప్పుడు అదే ఊడి వస్తుంది. గూటినిండా నీళ్ళు పోసి, బుడగలు ఆగేదాకా ఉండి, బిరడా బిగించి స్విచ్చి వేశాను. గొట్టం ఒకసారి దగ్గింది. మిద్దెమీదనుండి పక్కింటి అబ్బాయి కేక: "పడతాండయ్ సార్!" తుప్పు నీళ్ళు మొదట, ఆపైన తేట నీళ్ళు. మొదటి ట్యాంకు కడగడానికీ, మా ఆవిడ ఎదురుచూస్తున్న కరివేపాకు చెట్టుకూ సరిపోయింది.

మూడవనాడు ఉదయం వంటింట్లో తలుపు వెనుక ఒక పలక కనిపించింది. దానిమీద పధ్నాలుగు గీతలున్నాయి. పక్కింటినుండి వచ్చిన బిందెల లెక్క. మా ఆవిడ నాచేత గోడమీదుగా పైపు వేయించి, వారి డ్రమ్ము నింపించింది. ఆ ఇల్లాలు బయటికి వచ్చి చూసి చిన్నబుచ్చుకొన్నది. "మేము లెక్క పెట్టుకోలేదక్కా" అన్నది. "మీరు పెట్టుకోలేదు గనుకనే నేను పెట్టుకొన్నాను. అక్టోబరులో మళ్ళీ వెళ్తే మా కుళాయి నీళ్ళు నువ్వే పట్టాలి" అన్నది మా ఆవిడ. ఆ మాటతో నాకు రెండు సంగతులు తెలిశాయి. మళ్ళీ వెళ్ళడం ఉంటుంది. ఇల్లు అమ్మడం మాత్రం ఉండదు. అమ్మాయికి ఆ సంగతి ఇంకా చెప్పలేదు. ఈ టపా చదివి తెలుసుకొంటుంది.

సాయంత్రం నా విద్యార్థి వచ్చాడు. అంతా చూసి, ఒక నట్టును మాత్రం పావు చుట్టు బిగించాడు. ఊళ్ళకు వెళ్ళేవారికోసం నాలుగు మాటలు చెప్పమన్నాను. అతని మాటలివి: "నెలల తరబడి వెళ్ళేటప్పుడు పంపు అడుగు బిరడా విప్పి గూటిలో నీళ్ళు వదిలేయాలి. అట్లా కుదరకపోతే తాళంచెవి ఎవరికైనా ఇచ్చి, పదిహేను రోజులకొకసారి అయిదు నిమిషాలు వేయమని చెప్పాలి. తిరిగి వచ్చాక స్విచ్చికంటే ముందు ఇరుసును చేత్తో తిప్పాలి. తిరిగితే నీళ్ళు పోసి, నిలబడితేనే స్విచ్చి వేయాలి." డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. "తొమ్మిదో తరగతిలో మీరు నాకు ఛందస్సు నేర్పించారు సార్, అదెట్లాగూ రాలేదు. ఇదన్నా మీకు వచ్చింది" అని నవ్వి, కాఫీ తాగి వెళ్ళాడు.

మిత్రులకు ఒక విన్నపం. ఫుట్ వాల్వును మీ మీ ప్రాంతాలలో ఏమంటారు? ప్రైమింగుకు మీ పల్లెలలో ఏ మాట వాడతారు? మా వైపు మోటారుకు 'గాలి పట్టింది' అంటారు, నీళ్ళు 'అందుకోలేదు' అంటారు. కపిలె బావుల కాలంలో మోకు, గిలక, తొండం వంటి మాటలు ప్రతి రైతు నోటా ఉండేవి. ఆ బావులతోపాటు అవీ పూడిపోతున్నాయి. మోటార్ల కాలపు మాటలనైనా ఎవరో ఒకరు వ్రాసి ఉంచాలి కదా. మీకు తెలిసినవి తెలియజేస్తే నా పుస్తకంలో ఎక్కించుకొంటాను.